రాయగడలో ముగ్గురు చిన్నపిల్లలతో క్రిస్మస్: ఏ పని ఎప్పుడు, ఎవరి చేత

మీరు అడిగింది ఇది. ఒడిశాలోని రాయగడలో ఉంటున్నారు. ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు, పది నెలల పసిబిడ్డ. డిసెంబరు మొదలైంది మొదలు సెమీ క్రిస్మస్‌లు (పండుగకు ముందే జరిపే క్రిస్మస్ కూడికలు), కేరల్స్ (ఇంటింటికీ వచ్చి పాడే క్రిస్మస్ పాటలు), పిండివంటలు, సండే స్కూలు ప్రోగ్రాం అని ఇల్లంతా ఒకటే పరుగు. తీరా 24 రాత్రి చర్చికి చేరేసరికి ముగ్గురూ ఏడుపు. పాప చదివేది ఒడియా మీడియం, తెలుగు బైబిలు వాక్యాలు నోటికి రావడం లేదు. 26న బొబ్బిలిలో అమ్మమ్మగారింటికి ప్రయాణం. ఏది ఉంచుకోవాలి, ఏది మానుకోవాలి?

ఆ ఏడుపుకు కారణం 24న లేదు, అంతకుముందు పది రోజుల్లో ఉంది. మూడేళ్ల పిల్లవాడికి పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఆరేళ్ల పాపకు 9 నుంచి 12, పది నెలల బిడ్డకు 12 నుంచి 16. వారంలో మూడు రాత్రులు పదిన్నర దాకా మీటింగుల్లో కూర్చుంటే, ఆ తరుగు 24 నాటికి ఒళ్లు వేడెక్కడం, జలుబు, మారాం రూపంలో బయటపడుతుంది. కాబట్టి వేళలన్నీ పిల్లల నిద్ర చుట్టూ కట్టుకోండి. పనుల్లో మాత్రం వాళ్ల చేతులు పడనివ్వండి. పని దొరికిన పిల్ల అల్లరి చేయదు, పండుగ తనదే అనుకుంటుంది. సెమీ క్రిస్మస్‌లు రెండే పెట్టుకోండి: మీ సంఘానిది ఒకటి, పాప స్కూలుదో మీవారి ఆఫీసుదో ఇంకొకటి. మిగతా వాటికి ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరు వెళ్లి కనబడి వస్తే చాలు. ఎవరూ ఏమీ అనుకోరు.

అడ్వెంటు (క్రిస్మస్‌కు ముందు సిద్ధపడే కాలం) మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య పడుతుంది. అక్కడి నుంచి మీ చేతిలో నాలుగు ఆదివారాలు ఉంటాయి. మొదటి వారం వాక్యాలు, రెండో వారం నక్షత్రం, మూడో వారం పశువుల పాక (యేసు పుట్టిన చోటును బొమ్మలతో చూపేది), నాలుగో వారం పిండివంటలు. బట్టలు మాత్రం నవంబరు మొదట్లోనే దర్జీకి ఇచ్చేయండి. డిసెంబరు పదో తారీఖు దాటాక ఇస్తే 24 సాయంత్రం దర్జీ కొట్టు ముందు నిలబడాల్సి వస్తుంది. పాప గౌనుకు కింద రెండంగుళాల మడత వదలమనండి, వచ్చే ఏడాదికీ పనికొస్తుంది.

వాక్యాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సరిహద్దు ఊళ్లలో దీనికి జవాబు దొరక్క చాలామంది ప్రోగ్రాంలో పిల్లల పేరే ఇవ్వరు. పాపకు తెలుగు చదవడం రాదు కాబట్టి మీరు వాక్యాన్ని ఒడియా అక్షరాల్లో రాసి ఇస్తున్నారు. ఆ పని మంచిదే, కానీ మూడు చోట్ల దెబ్బతింటుంది. మొదటిది, ఒడియాలో అచ్చు గుర్తు లేని హల్లును 'ఒ' చేర్చి పలుకుతారు. లూకా 2వ అధ్యాయం 11వ వచనంలో 'పట్టణమందు' అని రాసిస్తే పాప 'పొట్టొణొమొందు' అని చదువుతుంది. రెండోది, 'వ'కు బదులు 'బ' వస్తుంది, దావీదు కాస్తా దాబీదు అవుతాడు. మూడోది, ఎ-ఏ, ఒ-ఓ లకు ఒడియాలో వేరువేరు అక్షరాలు లేవు, అందుకని 'నేడు'లో దీర్ఘం, 'కొరకు'లో హ్రస్వం రెండూ నోటి లెక్కే.

అందుకే కాగితం గుర్తు కోసమే, నేర్పాల్సింది చెవితో. అమ్మమ్మ చేత ఆ వచనాన్ని నిదానంగా ఫోనులో రికార్డు చేయించి పంపమనండి. పొద్దున జడ వేసేటప్పుడు మూడుసార్లు, రాత్రి పడుకునే ముందు రెండుసార్లు వినిపించండి. కాగితం మీద దీర్ఘం ఉన్న అక్షరం కింద ఎర్ర గీత పెట్టండి, 'వ' అనాల్సిన చోట చుట్టూ సున్నా చుట్టండి. వచనాన్ని మూడు ముక్కలు చేసి చివరి ముక్క ముందు నేర్పండి. అది వచ్చాక నడిమి ముక్క, ఆ తర్వాత మొదటిది. ఇలా అయితే స్టేజీ మీద చెప్పుకుంటూ పోయే కొద్దీ బాగా తెలిసిన చోటికి వస్తుంది. మొదటి నుంచి నేర్పితే మొదటి ముక్క గడగడా వచ్చి, జనాన్ని చూడగానే చివర్లో ఆగిపోతుంది. ఆరేళ్ల పాపకు రెండు వచనాలు చాలు. అదే వచనాన్ని ఒడియాలో కూడా నేర్పండి, స్కూల్లో బడదిన (ఒడియాలో క్రిస్మస్) కార్యక్రమం ఉంటే పనికొస్తుంది. మూడేళ్ల బాబుకు మాటలున్న వేషం వద్దు. గొర్రెపిల్ల వేషం వేసి అక్క పక్కన కూర్చోబెట్టండి. ఆ వేషానికి దూది అంటించకండి, పాత తెల్ల స్వెట్టరు చాలు. దూది కొవ్వొత్తి తగిలితే భగ్గుమంటుంది.

నక్షత్రం బజారులో దొరుకుతుంది. అయినా వీలైతే ఇంట్లో చేయమనే చెబుతాను. ఈ నెల మొత్తంలో నాన్న, పాప, బాబు ముగ్గురూ కలిసి కూర్చునే పని ఇదొక్కటే. సంతలో బుట్టలల్లే వాళ్ల దగ్గర వెదురు బద్దలు తీసుకోండి. వేలి వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవున్నవి పది, 12 సెంటీమీటర్ల ముక్కలు ఐదు. మరీ పచ్చి వెదురు ఎండే కొద్దీ కుంచించుకుపోయి కట్లు వదులవుతాయి, మరీ ఎండింది వంచితే చీలుతుంది. ఎండిన బద్దలే దొరికితే గంటసేపు నీళ్లలో వేసి తీయండి. కణుపుల దగ్గర చాకుతో నున్నగా చెక్కండి, పిల్లల వేళ్లలో పేడు గుచ్చుకునేది అక్కడే.

ఇప్పుడు అసలు లెక్క. ప్రతి బద్ద మీద రెండు కొసల నుంచీ 23 సెంటీమీటర్ల దగ్గర పెన్సిలు గీత పెట్టాలి. నడుమ 14 సెంటీమీటర్లు మిగులుతుంది. ఈ గీతలు పెట్టే పని పాపది, స్కేలు పట్టుకోవడం బాగా వస్తుంది. ఐదు బద్దలను ఒకదాని పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటిగా అల్లి నక్షత్రంలా పేర్చినప్పుడు బద్దలు దాటుకునే చోటు సరిగ్గా ఈ గీతల మీదికి రావాలి. వస్తే ఐదు కొమ్ములూ సమానం. చాలామంది కంటితో చూసి కడతారు, అందుకే ఒక కొమ్ము పొడుగ్గా, ఒకటి పొట్టిగా వస్తుంది. కొసలు పురికొసతో కట్టండి, ఇనుప తీగ వద్దు. అలాంటివి రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ జత కట్టండి. ఆ తర్వాత లోపలి ఐదు కూడళ్ల దగ్గర రెండింటి మధ్య 12 సెంటీమీటర్ల ముక్కలు నిలబెట్టి కడితే నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది. ముక్కలు ఇంతకన్నా పొడుగైతే కొసల దగ్గర బద్దలు పుటుక్కుమంటాయి.

జిగురుకు రెండు చెంచాల మైదా, ఒక గ్లాసు నీళ్లు కలిపి సన్న సెగ మీద గరిటెజారుగా ఉడికించండి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం వేస్తారు, అది విషం. ఈ జిగురు బాబు అరచేత్తో పూస్తాడు, ఆ చెయ్యి నోట్లోకి పోతుంది, కాబట్టి వేయొద్దు. గాలిపటాల కాగితం అంటించి, జిగురు బాగా ఆరాక చేత్తో నీళ్లు సన్నగా చిలకరించండి. తడిసిన కాగితం ఆరేటప్పుడు బిగుసుకుని ముడతలు పోతాయి. వెనక ఒక కొమ్ముకు కాగితం ఒక అంచున మాత్రమే అంటించి తలుపులా వదిలేయండి, బల్బు మార్చడానికి.

బల్బు 5 వాట్ల ఎల్‌ఈడీ మించొద్దు. పాత 60 వాట్ల బల్బు కాగితం లోపల వేడెక్కి అంటుకుంటుంది. బల్బు సరిగ్గా నడిమధ్యన వేలాడాలి, చుట్టూ ఏ వైపు కాగితానికైనా రెండు వేళ్ల ఎడం ఉండాలి. మన వైపు డిసెంబరులో మంచు ధారగా కురుస్తుంది, హోల్డరు మీద ప్లాస్టిక్ డబ్బా మూత బోర్లించండి. వైరు అతుకు బయట ఉండకూడదు, టేపు చుట్టినా తెల్లారేసరికి తడి దిగుతుంది. అతుకు లేని ఒకే వైరు ఇంట్లో ప్లగ్గు దాకా లాగండి.

సీరియల్ లైట్లు కరెంటుకు నేరుగా తగిలించేవి అయితే అందులో 230 వోల్టులు పారతాయి. బల్బు ఊడిన బుడ్డి హోల్డరులో పిల్లవాడి వేలు సరిగ్గా పడుతుంది. అవి కిటికీ పైన, చూరు కింద ఉండనీయండి. బాబుకు అందే ఎత్తులో, చెట్టు మీద, మొబైల్ ఛార్జరుకు తగిలించే 5 వోల్టుల దండ వాడండి. చెట్టుకు సరుగుడు కొమ్మ తెస్తే తడి ఇసుక నింపిన బకెట్లో పాతండి, రోజూ నీళ్లు పోయండి. ఎండిన సరుగుడు, మంచులా పరిచే దూది, కొవ్వొత్తి ఒక్క చోట ఉండకూడదు.

వీటన్నిటికన్నా నాకు భయం వేసేది బిళ్ల బ్యాటరీ. పాటపాడే గ్రీటింగు కార్డులు, వెలిగే బూట్లు, ప్లాస్టిక్ దీపాలు, మెరిసే టోపీలు, అన్నిట్లో రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ ఉంటుంది. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. పాకే బిడ్డ ఉన్న ఇంట్లోకి స్క్రూతో బిగించిన మూత లేని వస్తువు రానివ్వకండి. మింగిందని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకండి, అన్నం పెట్టకండి, వెంటనే ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికి పరుగెత్తండి. ఏడాది దాటిన పిల్లలకైతే దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె నాకించవచ్చు, మంట కొంత తగ్గిస్తుంది, కానీ తేనె కోసం ఆగకూడదు. ఏడాది లోపు బిడ్డకు తేనె ఎప్పుడూ వద్దు, కేకు మీద పూసింది కూడా.

పశువుల పాకలో పచ్చగడ్డి కోసం డిసెంబరు 13న ఒక పళ్లెంలో చోళ్లో (రాగులో) గోధుమలో చల్లండి. రాత్రంతా నానబెట్టి, తడి మట్టి మీద ఒత్తుగా పోసి, రెండు రోజులు గోనెపట్టా కప్పి, మొలక కనబడగానే తీసేయండి. మైదానంలో వారానికి వచ్చే మొలక మన కొండ చలిలో పది రోజులు తీసుకుంటుంది. ఇరవయ్యో తారీఖున చల్లి 24న చూస్తే మట్టే కనిపిస్తుంది. నీళ్లు చిలకరించే పని బాబుది. బొమ్మలు బంకమట్టితో చేయించండి, పగిలినా ఇంకోటి చేసుకోవచ్చు. కొన్న ప్లాస్టరు బొమ్మలైతే రోజంతా 'ముట్టుకోకు' అనాల్సి వస్తుంది, ముట్టుకోకూడని పాక పిల్లలకెందుకు? తొట్టిలో బాలయేసు బొమ్మ 24 రాత్రి దాకా పెట్టకండి. ఆ బొమ్మ దాచి, ఆ రాత్రి పెట్టే పని పాపకివ్వండి. పాకలో గడ్డి ఎండుగడ్డే అయితే లోపల బల్బు వద్దు.

పిండివంటల్లో అరిసెలు చిన్నపిల్లలున్న ఇంట్లో ఒంటరిగా చేసే పని కాదు. తడిబియ్యప్పిండి ఆరనివ్వకూడదు, పాకం దగ్గర నుంచి కదలకూడదు. లేతపాకమైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయి. మధ్యలో బిడ్డ ఏడ్చిందంటే రెండూ చెడతాయి. బొబ్బిలి వెళ్తున్నారు కదా, అరిసెలు అమ్మమ్మకు వదిలేయండి. మీరు గవ్వలు చేయండి, అవి పిల్లల చేతి వంట.

అరకిలో మైదా, చిటికెడు ఉప్పు, మూడు పెద్ద చెంచాల కాగిన నూనె. నూనె పిండికి బాగా పట్టించాక, పిడికిట్లో నొక్కితే ముద్దలా నిలవాలి. నిలవకపోతే ఇంకో చెంచా వేయండి. తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోసి పూరీ పిండికన్నా కాస్త గట్టిగా కలిపి, అరగంట తడిగుడ్డ కప్పండి. శనగగింజంత ఉండలు బాబు చేస్తాడు. గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి ముందుకు దొర్లించే పని పాపది. చెక్క లేకపోతే కొత్త దువ్వెన. పిల్లలు నెమ్మదిగా చేస్తారు, చేసినవి ఆరిపోతే నూనెలో పగుళ్లిస్తాయి, అందుకని ఎప్పటికప్పుడు తడిగుడ్డ కింద పెట్టండి. వాళ్లవి లావుగా వస్తాయి, మీవి పల్చగా. రెండూ కలిపి వేయిస్తే పల్చటివి మాడేసరికి లావువి లోపల పచ్చిగానే ఉంటాయి. పిల్లల గవ్వలు వేరే వాయిగా, ఇంకా సన్న సెగ మీద వేయించండి. 350 గ్రాముల బెల్లం, పావు గ్లాసు నీళ్లతో పాకం పట్టండి. నీళ్లలో వేసిన చుక్క ఉండై, పళ్లానికి కొడితే టంగుమనాలి. అంతకన్నా లేతగా దించితే రెండో రోజుకు గవ్వలన్నీ ముద్దగా అంటుకుంటాయి. నూనె, పాకం పనులు పిల్లలు పడుకున్నాకే. ఇది 20న గానీ 21న గానీ పెట్టుకోండి. బాబుకు గవ్వలు చితక్కొట్టి ఇవ్వండి. వేరుశనగ గింజలు, గట్టి చాక్లెట్లు, కోయని ద్రాక్ష నాలుగైదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. పగిలిన బెలూను ముక్కలు కూడా అంతే.

కేరల్స్ వాళ్లకు ముందే చెప్పండి, పసిబిడ్డ ఉంది, మా ఇంటికి మొదట రండి, ఏడున్నరకల్లా, అని. వాళ్లూ ఒప్పుకుంటారు. అర్ధరాత్రి డప్పు గుమ్మంలో ఒక్కసారిగా మోగితే పిల్లలు దడుచుకుని మళ్లీ నిద్రపోరు. క్రిస్మస్ తాత వేషం వేసినతను బాబు ఎదుటే ముసుగు పెట్టుకుంటే భయపడడు. పెట్టుకుని చీకట్లోంచి వస్తే వారం రోజులు గుర్తుంటుంది.

ఇక 24. అర్ధరాత్రి ఆరాధనకు పది నెలల బిడ్డను తీసుకెళ్లొద్దనే నా మాట. సౌండు బాక్సులు, మంచు, జనం, ఎవరో ఒకరు ముద్దుగా నోట్లో పెట్టే కేకు ముక్క, ఇవన్నీ ఆ వయసుకు భారం. మీలో ఒకరు పెద్దపిల్లలిద్దరితో రాత్రి వెళ్లండి, ఇంకొకరు 25 ఉదయం ఆరాధనకు బిడ్డతో వెళ్లండి. 31 రాత్రి కూడికకు కూడా పిల్లల్ని తీసుకెళ్లకండి, వారంలో ఒక్క రాత్రే వాళ్లు తట్టుకోగలరు.

ఆ రోజు ఒంటిగంటకు భోజనం, రెండు నుంచి నాలుగున్నర దాకా కిటికీ తెర వేసి నిద్ర. ఏడింటికి పప్పన్నం లాంటి తేలిక తిండి, బిర్యానీ కాదు. ఎనిమిదికి మళ్లీ పడుకోబెట్టండి, నూలు బనియను, పొడుగు చేతుల చొక్కా, పైజామాతోనే. పదింపావుకు లేపి వాటి మీదే గౌను, స్వెట్టరు, చెవులకు టోపీ. ఇలా చేస్తే నిద్రమత్తులో బట్టలు విప్పి తొడిగే ఏడుపు ఉండదు, నెట్టు గౌను లోపలి కుట్లు ఒంటికి గుచ్చుకోవు. చర్చిలో పక్క తలుపు దగ్గర, బాక్సులకు దూరంగా కూర్చోండి. చలికి బైకు వద్దు, ఆటో మాట్లాడుకోండి.

కొవ్వొత్తులు వెలిగించే వేళ ఏడేళ్ల లోపు పిల్లల చేతికి కొవ్వొత్తి ఇవ్వకండి. నైలాను నెట్టు గౌను అంచుకు మంట తగిలితే క్షణంలో పైకి పాకుతుంది, కరిగి చర్మానికి అంటుకుంటుంది. ముందు వరుసలోని పెద్దల కొవ్వొత్తికీ పాప జుట్టుకూ మధ్య ఎడం చూసుకోండి. అంటుకుంటే పరుగెత్తనివ్వకండి, నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. మంట ఆరాక కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లనీళ్లు పోయండి. అంటుకున్న బట్ట లాగకండి. పేస్టు, సిరా, వెన్న రాయకండి, డాక్టరు దగ్గర వాటిని గీకేటప్పుడు పిల్ల పడే బాధ కాలినప్పటి కన్నా ఎక్కువ.

ఇంటికొచ్చాక చలిగా ఉందని కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసుకుని పడుకోకండి. కొరాపుట్, జయపురం వైపు ఈ అలవాటు ఎక్కువ. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి వాకిట్లో కాచుకుని, అక్కడే ఆర్పి రండి.

26 ప్రయాణానికి రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే అక్టోబరు 27న. ఐదేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు, పాపకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. రాయగడ నుంచి బొబ్బిలికి పగటి బండి చూసుకోండి, బాబు కునుకు తీసే వేళకు సరిపోయేలా. బిడ్డకు చోడి అంబలి ఫ్లాస్కులో పోసుకోండి, స్టేషనులో పాలు కొనకండి. బొబ్బిలిలో రాత్రుళ్లు పిల్లలకు దోమతెర కావాలి, ఇంట్లో ఉందో లేదో అమ్మమ్మను ముందే అడిగి, లేకపోతే మీదే మడిచి సంచిలో అడుగున పెట్టుకోండి.